జాబితాలో లేని బ్రేక్‌పాయింట్

గాజువాక,
ఆగస్టు 18

పిన్నీ,

ఆపరేషన్ బాగా జరిగిందని బాబాయి ఫోనులో చెప్పాడు. మూడు నెలలు గొంతు పెగల్చకూడదన్నారట. నువ్వు మూడు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "పాపం, మీ బాబాయికి ఇల్లు బోసిపోయి ఉంటుందే" అని అమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నీ మెసేజ్ చూశాను. ఈమెయిలే అయినా ఊరూ తేదీ వేసి నిండుగా రాయాలనీ, ముక్కలు ముక్కలుగా పంపితే జవాబివ్వననీ బెదిరించావు కదా, అందుకే ఇలా మొదలుపెట్టాను.

ఇక్కడ అందరం బాగున్నాం. అచ్యుతాపురంలో మా ఆఫీసు కూడా ఎప్పటిలాగే నడుస్తోంది. చేపల పడవలకి మేం తయారు చేస్తున్న డబ్బా సంగతి నీకు చెప్పాను కదా. సెల్ సిగ్నల్ అందని దూరంలో పడవకి ఆపద వస్తే ఎర్ర బొత్తాం నొక్కాలి. పడవ ఎక్కడుందో శాటిలైట్ ద్వారా ఒడ్డుకి కబురొస్తుంది. దాని ట్రయల్స్ జరుగుతున్నాయి.

నిన్నొకటి అడగాలి. నాకు రేడియో వైపు పనే గానీ సాఫ్ట్‌వేర్ లోతులు తెలియవు. నువ్వు పాతికేళ్లు డీబగ్గర్లే రాశావు. బ్రేక్‌పాయింట్ పెట్టినప్పుడు డీబగ్గర్ లోపల నిజంగా ఏం చేస్తుంది? తీసేసినప్పుడు ఏం చేస్తుంది? తీరిక ఉంటేనే రాయి. ఊరికే తెలుసుకుందామని.

నీ కీర్తన


పుణె,
ఆగస్టు 20

చిరంజీవి కీర్తనకు,

తీరిక ఉందా అని అడిగావా! పొద్దున్న లేచి సూపు తాగడం, గోడ చూడటం తప్ప నాకు వేరే పని లేదు. నీ ఉత్తరం మీ బాబాయి, నేను ఒకే కుర్చీలో ఇరుక్కుని చదివాం. ఆయన బ్యాంకు మనిషి. ఆయనకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ రాస్తాను, విసుక్కోకు.

ప్రోగ్రాము అంటే మెమరీలో వరుసగా పేర్చిన ఆదేశాలు. ప్రాసెసర్ ఒక్కొక్కటే చదివి చేసుకుంటూ పోతుంది. నడుస్తున్న ఆ ప్రోగ్రామును మనకి కావలసిన చోట ఆపి, లోపల ఏముందో చూపించే పనిముట్టు డీబగ్గర్. "ఇక్కడ ఆగు" అని మనం పెట్టే గుర్తే బ్రేక్‌పాయింట్.

చాలామంది అనుకునేదేమిటంటే, డీబగ్గర్ పక్కనే నిలబడి, ప్రతి ఆదేశాన్నీ చూస్తూ, ఆ చోటు రాగానే చెయ్యి అడ్డం పెడుతుందని. అలా చేస్తే ప్రోగ్రాము నత్తలా నడుస్తుంది. నిజానికి అది చేసేది చిన్న దొంగతనం. ఆ చోట ఉన్న అసలు ఆదేశాన్ని తీసి తన దగ్గర దాచుకుంటుంది. దాని స్థానంలో "ట్రాప్" అనే ఆదేశం రాసేస్తుంది. ప్రాసెసర్ అక్కడికొచ్చి ట్రాప్ చదవగానే ఉన్నపళంగా ఆగి డీబగ్గర్‌ని పిలుస్తుంది. డీబగ్గర్ తన జాబితా తీసి, ఈ చోట ఆపమన్నది ఎవరో చూసుకుని, నీకు చెప్తుంది.

మళ్లీ నడపమన్నావనుకో. అసలు ఆదేశం అక్కడ లేదు కదా. అందుకని దాచింది తిరిగి పెట్టి, ఆ ఒక్క అడుగు వేయించి, వెంటనే మళ్లీ ట్రాప్ పెట్టి, అప్పుడు వదులుతుంది. నువ్వు బ్రేక్‌పాయింట్ తీసేస్తే దాచిన ఆదేశాన్ని దాని చోట పెట్టేసి, జాబితాలోంచి పేరు కొట్టేస్తుంది. డీబగ్గర్ వెళ్లిపోయేటప్పుడు తాను పెట్టిన ట్రాపులన్నీ తీసి, మెమరీని ఎలా ఉన్నదాన్ని అలా అప్పగించి వెళ్లాలి. ఒక్కటి మిగిలిపోయినా ప్రాసెసర్ ఏదో ఒక రోజు దాని మీద కాలేస్తుంది. పిలిస్తే పలికే డీబగ్గర్ అప్పుడు ఉండదు.

మీ బాబాయి చదివి, "ఇంత మోసమా!" అన్నాడు.

ఇక నా ప్రశ్న. "ఊరికే తెలుసుకుందామని" అన్నావు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినప్పుడు కూడా నువ్వు "ఊరికే, రక్తం ఎందుకు ఎర్రగా ఉంటుంది పిన్నీ?" అనే అడిగేదానివి. ఏం జరిగింది?

ఆశీస్సులతో,
కాంతం పిన్ని


గాజువాక,
ఆగస్టు 23

పిన్నీ,

దొరికిపోయాను. ఒంట్లో బాగోలేని మనిషికి ఎందుకని దాచాను.

పూడిమడకలో అయిదు పడవలకి మా డబ్బాలు బిగించాం. అందులో ఒకటి సూరన్నది. ఈ నెల మొదట్లో ఆ పడవ నడిసముద్రంలో ఇంజను చెడి ఆగిపోయింది. సూరన్న ఎర్ర బొత్తాం నొక్కాడు. లైటు వెలిగి ఆరిపోయింది. ఒడ్డుకి ఏ కబురూ రాలేదు. పడవ ప్రవాహంతో పాటు ఒడిశా వైపు కొట్టుకుపోయింది. మూడు రోజుల తర్వాత అక్కడి మత్స్యకారులు చూసి ఒడ్డుకి చేర్చారు. పడవలోని నలుగురూ ప్రాణాలతో ఉన్నారు. కానీ సూరన్న బావమరిది వీరన్న తన వాటా నీళ్లు మిగతావాళ్లకి తాగించాడట. అతని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇప్పటికీ ఆస్పత్రిలో డయాలసిస్ మీద ఉన్నాడు.

డబ్బాకి పైన చిన్న సోలార్ పలక ఉంటుంది కాబట్టి తిరిగొచ్చేసరికి కూడా అది ఆన్‌లోనే ఉంది. పవర్ తీయకుండా మెమరీ మొత్తం కాపీ చేయించాను. ఆపద కబురు పంపే ఫంక్షన్ మొదట్లోనే, నువ్వు ఉత్తరంలో చెప్పిన ట్రాప్ కూర్చుని ఉంది. బొత్తాం నొక్కగానే ప్రాసెసర్ దాని మీద ఆగి, రాని డీబగ్గర్ కోసం అలాగే ఎదురుచూసింది. పని ఆగిపోతే డబ్బాని దానంతటదే మళ్లీ మొదలెట్టించే ఏర్పాటు కూడా ఉంది. కానీ ట్రాప్ దగ్గర ఆగితే, ఎవరో డీబగ్ చేసుకుంటున్నారని అది కూడా తప్పుకుంటుంది.

పడవ బయలుదేరే రోజు పొద్దున్న లాప్‌టాప్ తగిలించి డబ్బాని పరీక్షించింది నా టీములోని నాగబాబు. తన బ్రేక్‌పాయింట్ తీయకుండానే కేబుల్ పీకేశాడు. ఇంకేం కావాలి? "నాను తీసేసేను మేడం. లిస్టు కాలీ అయ్యిందాకా సూసేను" అంటాడు. అడిగిన ప్రతిసారీ అదే మాట. తప్పు చేసినవాడి మీద కన్నా, చేసి కాదనేవాడి మీద నాకు కోపం ఎక్కువ పిన్నీ. మా డైరెక్టరు నీలకంఠం గారు నన్నే రిపోర్టు రాయమన్నారు. "మానవ తప్పిదం అని రాసెయ్యమ్మా. మిగతా డబ్బాలకి దోషం లేదని తేలిపోతుంది" అన్నారు. రేపో మాపో సంతకం పెట్టేస్తాను.

ఇంకొక్కటి చెప్పలేదు. నాగబాబు ఎవరో కాదు, ఆ సూరన్న కొడుకే.

కీర్తన


పుణె,
ఆగస్టు 24

కీర్తనా,

సంతకం పెట్టకు.

ట్రాప్ మెమరీలో ఉంది, నిజం. జాబితా ఖాళీగా ఉంది, అదీ నిజమై ఉండొచ్చు. జాబితా వేరు, మెమరీ వేరు. ఆ రెండూ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేలా చూడటమే డీబగ్గర్ రాసేవాళ్ల పనంతా. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ రెండింటి మధ్య తగువులు తీర్చడానికే సరిపోయింది.

అదీగాక, కన్నతండ్రి ఎక్కి వెళ్లే పడవ అది. ఆ కుర్రాడు ఒకటికి రెండుసార్లు చూసుకుని ఉంటాడని నీకు అనిపించలేదా?

అతన్ని ఆఫీసుకి పిలిపించి అడగకు. అతను ఉన్న చోటికి నువ్వే వెళ్లు. "ఎందుకు తీయలేదు" అని కాదు, "ఏ వరుసలో ఏం చేశావు" అని అడుగు. లాప్‌టాప్ తగిలించిన దగ్గర్నుంచి తీసేదాకా ప్రతి నొక్కుడూ వరుసగా కావాలి. ఆ డీబగ్గర్ ఎవరు తయారు చేసిందో, మీవాళ్లు దాన్ని ఏమైనా మార్చారో కూడా కనుక్కో.

నాకు కోపం వచ్చిందనుకోకు. రాతలో గొంతు తగ్గించడం ఇంకా అలవాటు కాలేదు.

పిన్ని


గాజువాక,
ఆగస్టు 31

పిన్నీ,

వెళ్లాను. నువ్వు చెప్పకపోతే వెళ్లేదాన్ని కాదు.

నాగబాబు వారం నుంచి ఆఫీసుకి రావడం లేదు. పూడిమడకలో వాళ్ల ఇల్లు కనుక్కుని వెళ్లేసరికి వాళ్లమ్మ చిట్టమ్మ గుమ్మంలో ఎండు చేపలు ఏరుతోంది. నేను ఎవరో చెప్పగానే చెయ్యి ఆగిపోయింది.

"ఏటి సూద్దామని వచ్చేవమ్మా? ఒకడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఒకడు ఇంట్లో ఉన్నాడు గానీ ఉన్నట్టు నేదు. ఎవుడ్ని సూత్తావు?"

వీరన్న ఆవిడ తమ్ముడు. తమ్ముడు ఈ స్థితికి రావడానికి కొడుకు తెచ్చిన డబ్బా కారణమని ఊరంతా అంటోంది. "ఈడికి అన్నం ఎడతన్నాను. మాట మాత్రం రాటం నేదు" అంది. నాగబాబు వింటున్నాడని తెలిసే అంది. అతను లోపల గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు.

సూరన్నే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఎండకి మొహమంతా పొరలు లేచి ఉంది. "బొత్తాం నొక్కినానమ్మా. ఎర్ర లైటొచ్చింది. హమ్మయ్య, మా నాగులికి కబురెల్లిపోద్ది అనుకున్నాను. అంతే, ఆరిపోయింది. మల్లీ నొక్కినాను. ఏలు నొప్పెట్టిందాకా నొక్కినాను. డబ్బా కింద వైరు పీకి మల్లీ పెడదామని వీరన్న అన్నాడు. నానే ఒద్దన్నాను. ఆపొద్దని మీరు సెప్పేరు గదా?"

అవును పిన్నీ, ట్రయల్ అయ్యేవరకూ డబ్బా ఆపొద్దని చెప్పింది మేమే. నిజానికి ఒక్కసారి పవర్ తీసి పెట్టి ఉంటే అసలు ప్రోగ్రాము మళ్లీ మెమరీలోకి ఎక్కేది, ట్రాప్ పోయేది. ఆయనకి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత నాగబాబుతో తీరం వెంబడి నడిచాను. నువ్వన్నట్టే అడిగాను. మొదట అనుమానంగా చూశాడు. తర్వాత చెప్పుకుపోయాడు. కబురు ఆలస్యంగా వెళ్తోందని, అది పంపే ఫంక్షన్ మొదట్లో బ్రేక్‌పాయింట్ పెట్టాడు. తర్వాత అదే లైను మీద "ఇక్కడిదాకా నడుపు" అనే బటన్ నొక్కాడు. ఈలోగా పోటు తిరుగుతోందని, ఇక బయలుదేరాలని తండ్రి కేకేశాడు. బొత్తాం నొక్కి పరీక్షించడం మానేసి, తన బ్రేక్‌పాయింట్ తీసేశాడు. జాబితా ఖాళీ. అంతటితో ఆగకుండా మెమరీ కూడా తెరిచి చూశాడట. ఆ చోట అసలు ఆదేశమే ఉంది. అప్పుడు "వదిలెయ్" అని కమాండ్ ఇచ్చి, డీబగ్గర్ సరేనన్నాకే కేబుల్ తీశాడు.

"మరి ట్రాప్ ఎలా వచ్చింది నాగబాబూ?"

"అదే తెలీటం నేదు మేడం. మా అమ్మకి ఏటి సెప్పమంటారు? తీసేసేను గానీ ఉంది అంటే, అదేం మాట్రా అంతాది."

ఆఫీసుకొచ్చి చాలాసార్లు బ్రేక్‌పాయింట్ పెట్టి తీసి చూశాను. ప్రతిసారీ శుభ్రంగా పోతోంది. డీబగ్గర్ అందరూ వాడేదే. కాకపోతే మా కొత్త ప్రాసెసర్ కోసం ట్రాపులు పెట్టే భాగాన్ని ఒక కాంట్రాక్టు టీము కొత్తగా రాసిందట. ఆ ఫైలు దీనితో పంపుతున్నాను.

అతను అబద్ధం చెప్తున్నట్టు నాకిప్పుడు అనిపించడం లేదు. అంతకుముందు ఎందుకు అనిపించిందో ఆలోచిస్తే సిగ్గేస్తోంది.

కీర్తన


పుణె,
సెప్టెంబరు 3

కీర్తనా తల్లీ,

దొరికింది. మీ బాబాయి చేత టీ పెట్టించుకుని మరీ రాస్తున్నాను.

"ఇక్కడిదాకా నడుపు" అన్నాడు చూశావా, అదీ కీలకం. ఆ మాట అనగానే డీబగ్గర్ తన సొంతానికి ఒక బ్రేక్‌పాయింట్ పెట్టుకుంటుంది. అది నీకు కనపడే జాబితాలో ఉండదు. పని అయ్యాక తానే తీసేసుకుంటుంది కాబట్టి నీకు చూపించడం అనవసరమని దాని ఉద్దేశం. అంటే నాగబాబు పెట్టింది ఒకటి, డీబగ్గర్ పెట్టుకున్నది ఒకటి, రెండూ ఒకే చోట.

సరిగ్గా రాసిన డీబగ్గర్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ఎవరెవరు ఆపమన్నారో ఒకదాంట్లో, మెమరీలో ఏ చోట ట్రాప్ కూర్చుందో రెండోదాంట్లో. ఒకే చోట ఎందరు ఆపమన్నా అక్కడ ట్రాప్ ఒక్కటే, దాచిన అసలు ఆదేశం కూడా ఒక్కటే. ఇంకా ఎందరికి అది కావాలో లెక్క ఉంటుంది. ఆఖరివాడు కూడా వద్దన్నాకే అసలుది తిరిగి పెడతారు. మీ కాంట్రాక్టువాళ్లు ఈ రెండో పట్టిక వేయలేదు. ఎవరికి వాళ్లే దాచుకునేలా రాశారు.

మీ బాబాయికి ఇలా చెప్పాను. వీధి అరుగులో ఒక నల్లరాయి ఉంది. మొదటివాడొచ్చి దాన్ని పీకి ఇంట్లో దాచి, అక్కడ ఎర్రరాయి పెట్టాడు. రెండోవాడు వచ్చాడు. అక్కడున్నది ఎర్రరాయి. అదే అసలుదనుకుని దాన్ని తీసి దాచాడు, తన ఎర్రరాయి పెట్టాడు. తర్వాత మొదటివాడొచ్చి తన నల్లరాయి పెట్టేశాడు. అరుగు బాగుపడింది. నాగబాబు మెమరీ తెరిచి చూసింది ఈ క్షణంలోనే, అసలుది కనిపించింది. ఆ తర్వాత "వదిలెయ్" అన్నాడు. అప్పుడు రెండోవాడు వచ్చి, బుద్ధిగా, తాను దాచింది తిరిగి పెట్టాడు. అదేమో ఎర్రరాయి!

ఆ అబ్బాయి తన బ్రేక్‌పాయింట్ నిజంగానే తీశాడు. డీబగ్గర్ శుభ్రం చేయబోయి ట్రాప్ పెట్టి వెళ్లింది.

నువ్వు ఒక్కటే పెట్టి తీశావు కాబట్టి నీకు రాలేదు. రెండు పెట్టినా, రెండోది ముందు తీస్తే కూడా రాదు. మొదటిది ముందు తీయాలి. అతను చేసిన వరుసలోనే చేసి చూడు.

ఇంకోటి, ఇది ముఖ్యం. మిగతా పడవల డబ్బాలని కూడా ఇలాగే పరీక్షించారా? అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?

నాకు మాట వచ్చాక ఆ నాగబాబుతో ఒకసారి ఫోనులో మాట్లాడాలి. తెలివైనవాడు. మెమరీ తెరిచి చూడాలని ఎంతమందికి తడుతుంది?

పిన్ని


గాజువాక,
సెప్టెంబరు 7

పిన్నీ,

నీ ఉత్తరం చదివిన పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తాను. అదే వరుసలో చేశాను. మొదటిసారికే ట్రాప్ మిగిలింది. మళ్లీ చేశాను, మళ్లీ మిగిలింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ వెంటనే మిగతా డబ్బాల గురించి నువ్వడిగింది గుర్తొచ్చింది. మిగతా నాలుగు డబ్బాల్లో మూడు ఒడ్డునే ఉన్నాయి. అప్పలరాజు పడవ మాత్రం వేటకి వెళ్లింది. దాన్ని కూడా నాగబాబు అలాగే పరీక్షించాడు. నీలకంఠం గారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన అంతా విన్నారు. కానీ "ఇంకొక్కసారి సరిచూసుకుందాం. డబ్బా పనిచేయదని సముద్రంలో ఉన్నవాళ్లకి చెప్తే, రేపు ఎవడూ మన డబ్బా ముట్టుకోడు. సాయంత్రం దాకా ఆగు" అన్నారు. మంచివాడే పిన్నీ, దీని మీద ఏళ్లు పోశాడు. కానీ ఆ రోజు గాలి జోరుగా ఉండబట్టే ఊళ్లో మిగతా పడవలు దిగలేదని నాకు తెలుసు.

ఆగలేదు. నాగబాబుకి ఫోన్ చేసి, బండి తీసుకుని పూడిమడక వెళ్లాను. అప్పలరాజు ఫోను అందదు. దూరంగా వేటాడుతున్న పెద్ద బోటు ఒకదానికి వైర్‌లెస్ ఉందని సూరన్న చెప్పాడు. ఒడ్డున ఉన్న సెట్ దగ్గర నాగబాబు కూర్చున్నాడు.

"అప్పలరాజు బావ కనిపిత్తే సెప్పండి. డబ్బా కింద వైరు పీకి, కాసేపాగి మల్లీ పెట్టమనండి. నాగబాబు సెప్పేడని సెప్పండి."

అవతల నుంచి ఒక గొంతు గరగరమంటూ, "ఏ నాగబాబు? సూరన్న కొడుకా? ఆడి మాట మల్లీ ఇనమంతావేటి?" అంది.

అతని చెయ్యి సెట్ మీదే ఉండిపోయింది. నేను తీసుకుని మాట్లాడబోతుంటే సూరన్న ముందుకొచ్చాడు. కొడుకు భుజం మీద చెయ్యేసి, సెట్‌లో నోరు పెట్టి అరిచాడు. "నాను సూరన్నని. ఆ డబ్బాతో కొట్టుకుపోయినోడ్ని నానే. నాను ఇంటన్నాను, మీరు ఇనలేరా? పీకి పెట్టమను!"

ఆ తర్వాత ఎదురుచూపే. మధ్యాహ్నం ఎప్పుడో నా ఫోను మోగింది. ఆపద కబురు, అప్పలరాజు డబ్బా నుంచి! నిజంగానే ఆపదేమో అనుకున్నాం. తర్వాత పెద్ద బోటు చెప్పింది, పీకి పెట్టాక పనిచేస్తోందో లేదో చూద్దామని వాళ్లే బొత్తాం నొక్కారట. అంతకుముందు కూడా నొక్కి చూశారట, అప్పుడు లైటు వెలిగి ఆరిపోయిందట. అంటే ఆ డబ్బాలోనూ ట్రాప్ ఉంది పిన్నీ. నాగబాబు ఇసకలో కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

ఇక నీ సంగతి. ఈ కబురు చెప్దామని ఆగలేక నిన్న ఫోన్ చేశాను, నువ్వు వింటే చాలని. బాబాయి ఎత్తి నువ్వు పడుకున్నావన్నాడు. వెనక నువ్వు చప్పట్లు కొట్టి ఆయన్ని పిలవడం నాకు వినిపించింది. చప్పట్లెందుకు పిన్నీ? కాస్త గుసగుసగా అయినా పిలవొచ్చు కదా? "మాట వచ్చాక" అని రాశావు. ఎప్పుడొస్తుంది? నాతో నిజం చెప్పు.

కీర్తన


పుణె,
సెప్టెంబరు 10

కీర్తనా,

రాదమ్మా.

ముందు నీ ఉత్తరం గురించి. సూరన్న అరిచిన చోట మీ బాబాయి చదవడం ఆపేశాడు. కళ్లజోడు తుడుచుకోవాలన్నాడు. నువ్వు ఆగకుండా వెళ్లినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకాదు.

ఇప్పుడు నాది. గొంతులో వచ్చినది కాన్సరు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, అందులోంచే ఊపిరి. గుసగుసకి కూడా ఊపిరి నోట్లోంచి రావాలి కదా, అది కూడా లేదు. చప్పట్లు కొడతాను, గిన్నె మీద గరిటెతో కొడతాను. మూడు నెలలు అన్నది మీ అమ్మ కోసం మేమిద్దరం అల్లిన మాట. రోగం మొత్తం తీసేశామని డాక్టర్లు అంటున్నారు, అది మాత్రం నిజం. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. దాంతో మాట్లాడితే నాకే నేను పరాయిదానిలా వినిపిస్తాను. దాన్ని అలమరలో పెట్టేశాను. గడప దాటడం కూడా మానేశాను, ఇక ఎక్కడికీ రాను.

మీకెందుకు చెప్పలేదంటావా? ఇంటికి వచ్చిన వాళ్లంతా గట్టిగా, నెమ్మదిగా, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. పోయింది నా గొంతు గానీ చెవులు కావు కదా! సరిగ్గా అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. బ్రేక్‌పాయింట్ లోపల ఏం జరుగుతుంది పిన్నీ అని. ఎన్నాళ్ల తర్వాతో ఒకళ్లు నన్ను ఎలా ఉన్నావని కాకుండా, నాకు తెలిసింది అడిగారు. ఆ కాంట్రాక్టువాళ్ల ఫైలు చదువుతూ కూర్చున్న రోజు నాకు మందులు వేసుకోవడం కూడా గుర్తులేదు. నిజం చెప్తే నువ్వు అడగడం మానేస్తావని భయపడ్డాను. అంతే.

మీ అమ్మకి నువ్వే నెమ్మదిగా చెప్పు. ఏడవనియ్యి, కానీ వెంటనే రైలెక్కనియ్యకు.

అక్కడ ఏమైంది? నీలకంఠం ఏమన్నాడు? వీరన్న ఎలా ఉన్నాడు? ఆ తల్లి కొడుకుతో మాట్లాడిందా?

పిన్ని


గాజువాక,
అక్టోబరు 5

పిన్నీ,

అమ్మకి చెప్పాను. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు లేచి, "అది చిన్నప్పుడు నన్ను ఒక్క మాట పూర్తిచేయనిచ్చేది కాదు. ఇప్పుడెళ్లి అన్నీ తీరుబడిగా చెప్పొస్తాను" అంది. ఎన్నాళ్లో ఆపలేను.

నేను కూడా ఒక పూట ఏడ్చాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. ప్రతి మాటా నీ గొంతులోనే వినపడింది. అందుకని జాలిపడటం మానేశాను. నిన్ను అడగడం మాత్రం మానను, భయపడకు.

నీలకంఠం గారు ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు పిలిచి, "నన్ను అడిగి వెళ్లాల్సింది" అన్నారు. "అడిగాను సార్, ఆగమన్నారు" అన్నాను. నాగబాబు చేసిన వరుసనంతా తన ఎదుట మళ్లీ చేసి చూపించమన్నారు. చూశాక, నా రిపోర్టు తెప్పించుకుని నా సంతకం కింద తన సంతకం పెట్టారు. అందులో నాగబాబు తప్పు లేదని రాశాం. డబ్బా ఆపొద్దన్న మా సలహా తప్పని కూడా రాశాం. ట్రయల్ నిలిపేశారు. వచ్చే ఏడాదికైనా మళ్లీ ఒప్పుకుంటారో లేదో తెలియదు. నీలకంఠం గారే పూడిమడక వెళ్లి, పడవల వాళ్లందరి ఎదుట ఇదంతా చెప్పారు. కొందరు తిట్టారు. నిలబడి పడ్డారు.

నాగబాబు తిరిగొచ్చాడు. డీబగ్గర్‌లో నువ్వు చెప్పిన రెండో పట్టిక తనే రాస్తున్నాడు. ఒక చోట ఒకటే ట్రాప్, ఒకటే అసలు ఆదేశం, ఎందరికి కావాలో లెక్క. వదిలి వెళ్లేముందు మెమరీ మొత్తం అసలు ప్రోగ్రాముతో సరిపోల్చి, తేడా ఉంటే వెళ్లనని మొరాయించేలా కూడా పెట్టాడు. అది నువ్వు చెప్పలేదు, తనే ఆలోచించాడు. కోడ్ నీకు పంపుతాడట. మొహమాటం లేకుండా తప్పులు పట్టాలి.

వీరన్న ఇంటికొచ్చాడు. డయాలసిస్ ఆపేశారు. ఈ ఏడాదికి వేట వద్దన్నారు. తీసుకురావడానికి నేను కూడా వెళ్లాను. మంచం మీద కూర్చోబెట్టగానే అతను అడిగిన మొదటి మాట, "నాగులేడీ?" అని. గుమ్మం అవతలే నిలబడ్డవాడు లోపలికి రాలేకపోతున్నాడు. వీరన్న అక్క వైపు తిరిగాడు. "డబ్బా సచ్చిపోయిందని ఆడ్ని కూడా సంపీమంతావేటే అక్కా? నాను బతికొచ్చినాను గదా? ఇంకా ఎవుడి మీద కోపం?"

చిట్టమ్మ లేచింది. కంచంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది. "ఏరా, సన్నగిల్లిపోనావు. రా, మావతో కూకోని తిను" అంది. అతను కంచం అందుకుంటుంటే పులుసు ఒలికింది. "సూసుకోరా!" అని కసిరింది. పిన్నీ, ఆ కసురు విని సూరన్న మొహం ఎంత తేటపడిందో నువ్వు చూడాల్సింది.

తర్వాత అందరం తింటున్నప్పుడు నీ సంగతి చెప్పాను. ఈ చిక్కు ఎవరు విప్పారో వాళ్లకి తెలియాలి కదా. ఆపరేషన్ గురించీ, మాట పోయిందనీ, అందుకే ఎక్కడికీ రానంటున్నావనీ కూడా చెప్పాను. చిట్టమ్మ వింటూ వింటూ నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

"మాట నేకపోతే ఏటమ్మా? మాట ఉన్నోల్లు ఇన్నాల్లూ ఏం మాటాడేరు, నా కొడుకుని తిట్టడం తప్ప? తినడానికి నోరుంది గదా. మీ పిన్నిని రమ్మను. వంజరం సేప తెచ్చి పులుసు పెడతాను. నాను మాటాడతాను, ఆవిడ ఇంటాది."

దీపావళికి ముందే మీ ఇద్దరికీ టిక్కెట్లు తీస్తున్నాను. వద్దని రాయకు, చదవను.

నీ కీర్తన